పాత కంప్యూటర్లు, కొత్త వీడియోలు: లినక్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఎంతవరకు వచ్చింది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 నిబంధనల ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరమైనా అయి ఉండాలి. వడ్డేపల్లి, శాంతినగర్, అయిజ, అలంపూర్ వైపు బడుల్లో, జిరాక్సు సెంటర్లలో, పోటీ పరీక్షలకు చదివే పిల్లల ఇళ్లల్లో కనిపించే సెకండ్ హ్యాండ్ యంత్రాలు నాలుగో తరానివో, ఆరో తరానివో. వాటిని పాత సామాన్లకు వేయకుండా ఇంకొన్నేళ్లు నడిపించాలంటే మిగిలిన గౌరవమైన దారి లినక్స్. ఆ దారిలోకి వచ్చినవాళ్లు మొదటి వారంలోనే చెప్పే మాట ఒకటుంది: ‘అన్నీ బాగానే ఉన్నాయి సార్, వీడియో ఒక్కటే ఆగి ఆగి వస్తోంది, ఫ్యాను గోల పెడుతోంది.’

ఈ ఫిర్యాదు నిజమే. కానీ దానికి చెప్పే కారణం చాలాసార్లు తప్పు. లినక్స్‌కు వీడియో చేతకాక కాదు. చిప్‌లో వీడియో కోసమే కట్టిన భాగం ఖాళీగా కూర్చుని ఉండగా, ఆ పనంతా మామూలు ప్రాసెసర్ మీద పడుతుండటమే అసలు సంగతి. ఆ భాగాన్ని పనిలోకి దించడాన్నే హార్డ్‌వేర్ వీడియో యాక్సిలరేషన్ అంటున్నాం. ఇరవై ఏళ్లకు పైగా నలుగురు నాలుగు వైపుల నుంచి కట్టుకుంటూ వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, మన దగ్గరున్న యంత్రాలకు ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

పని ఎంత బరువైనదో ముందు లెక్క వేసుకోవాలి. 1920 బై 1080 కొలతల వీడియోలో ఒక్కో ఫ్రేముకు 20,73,600 చుక్కలు. సెకనుకు 30 ఫ్రేములంటే ఆరు కోట్ల ఇరవై లక్షల చుక్కల పైమాట. రంగుల సమాచారాన్ని కుదించి రాసినా విప్పిన వీడియో సెకనుకు 93 మెగాబైట్ల దాకా వస్తుంది. ఇంటర్నెట్ మీద మన దాకా వచ్చేది అందులో నూటయాభయ్యో వంతో, రెండు వందలో వంతో. మధ్యలో ఉన్న ఆ తేడా అంతా విప్పడంలోనే ఉంది. బిట్ల వరుసను చదవాలి, గణిత రూపంలో ఉన్న గడులను మళ్లీ బొమ్మగా మార్చాలి, ముందు ఫ్రేములోని ముక్కలను కదిలిన చోటికి జరిపి అతకాలి, అతుకులు కనబడకుండా సరిచేయాలి. ఏ పనైనా చేయగల ప్రాసెసర్ దీన్నీ చేస్తుంది గానీ, దానికి చాలా కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది. ఇదే పనిని, ఇదొక్కటే చేసేలా సిలికాన్‌లో చెక్కిన భాగం అతి తక్కువ విద్యుత్తుతో పూర్తిచేస్తుంది. ఏప్రిల్ ఎండల్లో, యూపీఎస్ బ్యాటరీ మీద, పాత ల్యాప్‌టాప్‌లో గంట పాఠం చూసే విద్యార్థికి ఈ తేడా ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ఏర్పాటు సంగతి. రాజోలిబండ మళ్లింపు పథకం కాలువ మీద బతికే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆనకట్ట దగ్గర నీళ్లున్నంత మాత్రాన చివరి ఆయకట్టు తడవదు, మధ్యలో ఎక్కడ గండిపడినా కింద పొలం ఎండుతుంది. చిప్ నుంచి తెర దాకా కూడా అలాంటి దారే. వీడియోను కుదించిన పద్ధతిని, అంటే కోడెక్‌ను, విప్పే సత్తా చిప్‌లో ఉండాలి. కెర్నల్‌లో డ్రైవర్ ఉండాలి, దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఉండాలి. ఆపైన వీడియో డ్రైవర్ ఉండాలి. దాన్ని పిలిచే ప్లేయరో బ్రౌజరో ఉండాలి. చివరికి విప్పిన బొమ్మను మళ్లీ కాపీ చేయకుండా తెరకు అందించే పద్ధతి ఉండాలి. ఒక్కటి తప్పినా లినక్స్ ఏ హెచ్చరికా ఇవ్వదు, చప్పుడు లేకుండా పని ప్రాసెసర్‌కు అప్పగించేస్తుంది. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో అతిపెద్ద లోపం ఇదే. వీడియో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, లోపమున్నట్టు చాలామందికి తెలియదు.

దారిలో ఒక్కో మజిలీని ఒక్కో కంపెనీ ఒక్కో కాలంలో కట్టింది. 2000 ప్రాంతంలో ఎక్స్ విండో వ్యవస్థకు ఎక్స్‌వీఎంసీ అనే పొడిగింపు వచ్చింది, అది డీవీడీల నాటి ఎంపెగ్-2 దగ్గరే ఆగిపోయింది. 2007లో ఇంటెల్ వీఏ-ఏపీఐని ముందుకు తెచ్చింది. మరుసటి ఏడాది ఎన్‌విడియా తనదంటూ వీడీపావ్ తెచ్చింది. కొన్నేళ్లు రెండూ పోటీగా నడిచాయి. ఇప్పుడు ఇంటెల్, ఏఎండీ యంత్రాలకు వీఏ-ఏపీఐయే రాజమార్గం. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులు కెర్నల్‌లోని వీ4ఎల్2 దారిలో వెళ్తాయి. 2018లో ఆల్‌విన్నర్ చిప్‌ల డ్రైవర్ కోసం బూట్‌లిన్ అనే ఫ్రెంచ్ సంస్థ జనం దగ్గర చందాలు పోగుచేసి పని పూర్తిచేసింది. చిప్ కంపెనీ చేయని పనిని వాడుకునేవాళ్లు డబ్బు పెట్టి చేయించుకోవడం ఈ రంగంలో గుర్తుంచుకోదగ్గ ఘట్టం. అన్ని కంపెనీలకూ ఒకే దారిగా క్రోనోస్ సంస్థ తెచ్చిన వల్కన్ వీడియో 2022 డిసెంబర్‌లో ఖరారైంది, 2024 ఫిబ్రవరిలో ఏవీ1 అనే కొత్త కోడెక్ దానిలో చేరింది. అయితే అది కొత్త చిప్‌లకు సంబంధించిన ఆశ. నాలుగో తరం యంత్రానికి దానితో ఒరిగేది లేదు.

అందుకే డ్రైవర్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న చిప్ గురించి. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్‌ను 2011 నాటి రెండో తరం ఇంటెల్ ప్రాసెసర్ నుంచి అన్నీ సునాయాసంగా విప్పుతాయి. నాలుగో తరం, అంటే హాస్వెల్, అక్కడే ఆగుతుంది. అయిదో తరానికి వీపీ8 కలిసింది. ఆరో తరం ఎనిమిది బిట్ల హెచ్‌ఈవీసీని పూర్తిగా విప్పుతుంది. ఏడో తరంతో గూగుల్ వాడే వీపీ9, పది బిట్ల హెచ్‌ఈవీసీ రెండూ వచ్చాయి. ఏవీ1 కోసం 2020 నాటి పదకొండో తరం దాకా ఆగాలి. ఏఎండీలో 2017 చివరి నాటి రేవెన్ రిడ్జ్ ప్రాసెసర్లతో వీపీ9 వచ్చింది, ఏవీ1కు ఆర్‌డీఎన్‌ఏ2 తరం కావాలి. ఎన్‌విడియాలో ఏవీ1 విప్పడం ఆర్‌టీఎక్స్ 30 వరుసతో మొదలైంది. కోర్ 2 డ్యుయో కాలపు జీ31, జీ41 బోర్డులుంటే హెచ్.264 మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

ఈ వరుసలో ఏడో తరం దగ్గర కాసేపు ఆగాలి. అత్యధిక భాగం ఏడో తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా చోటివ్వలేదు. కానీ యూట్యూబ్‌లో ఎక్కువగా వాడే వీపీ9ను పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పే మొదటి ఇంటెల్ తరం అదే. అంటే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ధర పడిపోయిన ఈ యంత్రం లినక్స్ మీద వీడియోకు అత్యంత అనుకూలమైనది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఎవరైనా బడికో గ్రంథాలయానికో పాత యంత్రాలు కొనదలిస్తే, ఆరుకూ ఏడుకూ మధ్య ధరలో కొద్ది తేడా ఉన్నా ఏడో తరమే తీసుకోమంటాను. ఆ ఒక్క మెట్టు తేడా రోజూ కనిపిస్తుంది.

డ్రైవర్ల విషయానికొస్తే, డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవారికి పని చిన్నదే. ఇంటెల్‌కు రెండు డ్రైవర్లున్నాయి. పాతది ఐ965, కొత్తది ఐహెచ్‌డీ. ప్యాకేజీల పేర్లు ఐ965-వీఏ-డ్రైవర్, ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్. రెండో తరం నుంచి నాలుగో తరం వరకు పాతదే దిక్కు. అయిదో తరం నుంచి రెండూ పనిచేస్తాయి, కొత్త తరాలకు ఐహెచ్‌డీ ఒక్కటే. అయిదో తరం యంత్రాల్లో వ్యవస్థ ముందుగా కొత్తదాన్ని పట్టుకుంటుంది. దానితో బొమ్మ చెదిరితే, లిబ్‌వీఏ డ్రైవర్ నేమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఐ965 అని విలువ ఇస్తే పాతది పనిలోకి దిగుతుంది. ఏఎండీకి మెసా-వీఏ-డ్రైవర్స్ చాలు. వాడుకరి పేరు రెండర్, వీడియో గ్రూపుల్లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఇక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రాలకూ, ఇంట్లో వీడియో నడవాలన్న అవసరానికీ రాపిడి పుడుతుంది. ఏఎండీ గ్రాఫిక్స్‌కు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేకుంటే యాక్సిలరేషన్ మాటే లేదు. డెబియన్ చాలాకాలం వాటిని ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి విధానం మార్చుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నాయి. ఊళ్లో కొత్తగా లినక్స్ వేసుకునే వ్యక్తి వైపు నుంచి చూస్తే అది సరైన నిర్ణయం. ఇంటెల్ కొత్త డ్రైవర్‌కు డెబియన్‌లో ఇప్పటికీ రెండు రూపాలున్నాయి. పూర్తిగా స్వేచ్ఛాయుతమైనదానిలో వీడియో తయారుచేసే సత్తా కొంత తగ్గుతుంది. చూడటమే పని అయితే అది సరిపోతుంది.

ఫెడోరాది వేరే కథ. 2022 సెప్టెంబర్‌లో, ఫెడోరా 37 వచ్చే ముందు, పేటెంట్ల భయంతో మెసా గ్రాఫిక్స్ డ్రైవర్లలోంచి హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీసీ-1 మద్దతును తీసేశారు. ఏఎండీ యంత్రాలున్నవాళ్లకు అప్పటిదాకా నడిచింది ఒక అప్‌డేట్‌తో ఆగిపోయింది. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భాండారం నుంచి ఫ్రీవరల్డ్ అని తోకున్న ప్యాకేజీ వేసుకుంటే తిరిగి వస్తుంది. అమెరికా చట్టం నీడలో పనిచేసే ప్రాజెక్టు జాగ్రత్తపడటాన్ని అర్థం చేసుకోగలను. మన 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ఆవిష్కరణగా లెక్కించదు. అలాంటి దేశంలోని పల్లె బడి కూడా ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించాల్సి రావడం మాత్రం బాధగానే ఉంటుంది. కొత్తవాళ్లకు నేను మింట్‌నో డెబియన్‌నో సూచించడానికి ఇదొక కారణం.

ఎన్‌విడియా గురించి క్లుప్తంగా చెబుతాను. కంపెనీ డ్రైవర్ వేస్తే వీడీపావ్, ఎన్‌వీడెక్ దారులు దొరుకుతాయి. ఫైర్‌ఫాక్స్ అడిగేదేమో వీఏ-ఏపీఐ. ఆ రెంటికీ మధ్య వంతెనగా ఒక స్వతంత్ర డెవలపర్ ఎన్‌విడియా-వీఏఏపీఐ-డ్రైవర్ రాశారు. పాత కార్డులకు కంపెనీ కొత్త డ్రైవర్లు ఆపేస్తూ వస్తుంది కాబట్టి, యంత్రంలో ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉంటే వీడియో పని దానికే అప్పగించడం సుఖం. ఇంటెల్ యంత్రం మీద లినక్స్ బదులు ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థ వాడేవారికీ దారి దాదాపు లినక్స్‌లాంటిదే. లినక్స్ నుంచి తెచ్చుకున్న డీఆర్‌ఎం-కేమోడ్ వేసి, బూట్ అయ్యేటప్పుడు ఐ915కేఎంఎస్ మాడ్యూలు ఎక్కించి, వీడియో గ్రూపులో చేరి, వీఏ-ఏపీఐ డ్రైవర్ పెట్టుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: పై 4లో ఉన్న హెచ్.264 హార్డ్‌వేర్ డీకోడర్‌ను పై 5లో తీసేశారు, హెచ్‌ఈవీసీది మాత్రమే మిగిలింది. పై 5 ప్రాసెసర్ బలమైనది కాబట్టి హెచ్.264ను ఊరికే నెట్టుకొస్తుంది. అది వేరే సంగతి.

అన్నిటికంటే ఆలస్యంగా కదిలింది బ్రౌజర్లు. జనం వీడియో చూసేది అక్కడే కాబట్టి అసలు నష్టం కూడా అక్కడే జరిగింది. ఫైర్‌ఫాక్స్‌లో వీఏ-ఏపీఐ 2020లో అడుగుపెట్టింది. అయితే వాడుకరి సెట్టింగుల లోతుల్లోకి వెళ్లి స్విచ్ తిప్పాల్సి వచ్చేది. 2023 జులైలో వచ్చిన 115వ వెర్షన్ నుంచి ఇంటెల్ యంత్రాలకు అది తనంతట తానే పనిచేస్తోంది. ఏఎండీ వాళ్లకు 2025 మార్చి నాటి 136వ వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. వీఏ-ఏపీఐ పుట్టి అప్పటికి దాదాపు పద్దెనిమిదేళ్లు! క్రోమియంలో ఈ కోడ్ క్రోమ్ ఓఎస్ కోసం ఎప్పటినుంచో ఉన్నా, మామూలు లినక్స్ డెస్క్‌టాప్‌కు తలుపు అరకొరగానే తెరిచారు. తెరిచే ఫ్లాగుల పేర్లు వెర్షన్ మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. నిరుడు రాసిన సూచన ఈ ఏడు పనిచేయదు. ఊళ్లో పది యంత్రాలను ఒక్కడే చూసుకునే మాస్టారు ఆ వేటలో పడకపోవడం మంచిది. ఫైర్‌ఫాక్స్‌తో సరిపెట్టుకోమంటాను.

బ్రౌజర్ సిద్ధమైనా, వచ్చే వీడియో ఏ కోడెక్‌లో ఉందన్నది మిగిలే ఉంది. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే కోడెక్స్ అన్న వరుసలో ఏవీసీ1 అని ఉంటే హెచ్.264, వీపీ09 అంటే వీపీ9, ఏవీ01 అంటే ఏవీ1. నాలుగో తరం యంత్రంలో డ్రైవర్లన్నీ సరిగ్గా ఉన్నా, యూట్యూబ్ వీపీ9 పంపితే చిప్‌లోని ఆ భాగం ఖాళీగానే ఉంటుంది. దీనికి ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఇఫై అనే చిన్న యాడ్-ఆన్ ఉంది. వీపీ9, ఏవీ1 నాకు రావని అది బ్రౌజర్ తరఫున చెబుతుంది, యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది. యూట్యూబ్‌లో హెచ్.264 1080 వరకే దొరుకుతుంది. పాత మానిటర్లకు అంతకంటే అక్కర్లేదు. డేటా మాత్రం కొంత ఎక్కువ ఖర్చవుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద చూసేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతి యంత్రంలో, ప్రతి వీడియోకూ హార్డ్‌వేర్ సాయం తప్పనిసరి అనడం కూడా సరికాదు. వీడియోల్యాన్ సంస్థ 2018లో మొదలుపెట్టిన డేవ్1డీ డీకోడర్ ఏవీ1ను ప్రాసెసర్‌తోనే ఆశ్చర్యపోయేంత వేగంగా విప్పుతుంది. అసెంబ్లీ భాషలో చేత్తో చెక్కిన కోడ్ అది. ఒక మాదిరి ఐ3 ప్రాసెసర్‌కు 480 పాఠం ఏ కోడెక్‌లో ఉన్నా బరువు కాదు. ఒక్కోసారి వీడియో తడబడటానికి డీకోడింగ్ కారణమే కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా ఎక్కక, తెరమీద కిటికీలు గీసే పని కూడా ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంటే, దానికే ప్రాసెసర్ ఖర్చైపోతుంది. సిస్టమ్ సమాచారంలో గ్రాఫిక్స్ దగ్గర ఆ పేరు కనిపిస్తే ముందు అది సరిచేసుకోవాలి.

పరీక్షించే పద్ధతి తేలిక. టెర్మినల్‌లో వీఏఇన్ఫో అని కొడితే చిప్‌కు వచ్చిన కోడెక్‌ల జాబితా వస్తుంది. పక్కన వీఎల్‌డీ అని ఉంటే విప్పగలదు, ఎన్‌స్లైస్ అని ఉంటే తయారుచేయగలదు. ఆ తర్వాత వీడియో నడుస్తుండగా ఇంకో కిటికీలో ఇంటెల్-జీపీయూ-టాప్ తెరిచి వీడియో అన్న వరుస చూడాలి. అంకె కదిలితే నీళ్లు చేరినట్టే, సున్నా దగ్గరే ఉంటే ఎక్కడో ఆగినట్టు. దాచుకున్న ఫైళ్లకు ఎంపీవీ ప్లేయర్ నాకు నచ్చుతుంది. దాని సెట్టింగుల ఫైల్లో హెచ్‌డబ్ల్యూడెక్ విలువ ఆటో-సేఫ్ అని పెడితే చాలు, నడుస్తుండగా ఐ అక్షరం నొక్కితే హార్డ్‌వేర్ వాడుతోందో లేదో తెరమీదే చెబుతుంది. మింట్‌తో వచ్చే సెల్యులాయిడ్ లోపల ఉన్నది ఎంపీవీయే కాబట్టి పిల్లలకు దాన్ని చూపిస్తే సరిపోతుంది.

ఇదంతా తెలుగులో ఎవరు చెప్పాలి అన్నది నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది, బడి పిల్లల కోసం బాలస్వేచ్ఛను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ లినక్స్ విడుదల చేసింది. కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడుల లినక్స్‌ను తానే సిద్ధం చేసి, టీచర్లకు శిక్షణ ఇచ్చి, నిలబెట్టుకుంది. మన దగ్గర అలా ఒక చోట నిలబెట్టిన బాధ్యత లేదు. అక్షరాలు తెలుగులోకి వచ్చాయి. యంత్రం వేడెక్కితే ఏ వరుస చూడాలన్నది ఇంకా రాలేదు. వనపర్తి రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్ విద్యార్థులకు దీన్ని ఒక సెమిస్టర్ పనిగా ఇవ్వవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల బడుల్లో ఏ తరం యంత్రాలున్నాయో రాసుకుని, ఒక్కో తరానికి సరిపోయే ఏర్పాటును తెలుగులో ఒక పేజీకి మించకుండా రాస్తే, ఆ పేజీని గోడకు అంటించుకోవచ్చు.

వీడియోలు తయారుచేసేవాళ్ల బాధ్యత కూడా తక్కువ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపగ్రహం ద్వారా పాఠాలు పంపిన మన టీవీ, తెలంగాణ వచ్చాక టీ-శాట్‌గా విద్య, నిపుణ అనే రెండు ఛానళ్లతో నడుస్తోంది. కొవిడ్ కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల మీదే సాగాయి. ఆ పాఠాల్లాంటివి నేరుగా దించుకోదగ్గ హెచ్.264 ఫైళ్లుగా, 720లో, ప్రతి జిల్లాలో ఒక సర్వర్ మీద ఉంటే రెండో తరం నుంచి ప్రతి ఇంటెల్ యంత్రమూ వాటిని ఫ్యాను తిరగకుండా చూపిస్తుంది. కొత్త కోడెక్‌లు డేటా ఆదా చేస్తాయి, నిజమే. కానీ ఒకసారి దించి వందసార్లు చూసే పాఠానికి ఆ ఆదా లెక్కలోకి రాదు, యంత్రం ఆదా వస్తుంది.

సొంతంగా పాఠాలు రికార్డు చేసే టీచర్లకూ, సీడ్ పత్తిలో క్రాసింగ్ ఎలా చేయాలో ఫోన్‌తో తీసి చూపించే రైతులకూ ఇదే వర్తిస్తుంది. ఓబీఎస్ స్టూడియోలో అవుట్‌పుట్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఎన్‌కోడర్ దగ్గర ఎక్స్264 బదులు వీఏఏపీఐ హెచ్.264 ఎంచుకుంటే నాలుగో తరం ల్యాప్‌టాప్ కూడా తెరను రికార్డు చేస్తూ ప్రెజెంటేషన్ నడపగలదు. అదే బిట్‌రేట్‌కు నాణ్యత ఎక్స్264 కంటే కొంచెం తగ్గుతుంది కాబట్టి బిట్‌రేట్ కాస్త పెంచుకోవాలి. ఫోన్లు ఈమధ్య హెచ్‌ఈవీసీలో రికార్డు చేస్తున్నాయి. కెమెరా సెట్టింగుల్లో దాన్ని హెచ్.264కు మార్చి తీస్తే, పక్క ఊరి బడిలోని నాలుగో తరం డెస్క్‌టాప్ మీద కూడా ఆ ఫైలు మళ్లీ మార్చకుండానే నడుస్తుంది.